పురుషుల దేహదారుఢ్య పోటీలు: నియమాలు, తీర్పు ప్రమాణాలు

బరువులెత్తే పోటీలో తీర్పు చెప్పేది ఇనుము. బార్ తల మీదికి లేచి నిలిచిందా లేదా అన్నదే ప్రశ్న. పరుగుపందెంలో ఆ పని గడియారం చేస్తుంది, లాంగ్‌జంప్‌లో టేపు చేస్తుంది. పురుషుల దేహదారుఢ్య పోటీలో అలాంటి సాధనమేదీ వేదిక మీద ఉండదు. పోటీదారు ఎంత బరువు ఎత్తగలడో ఎవరూ అడగరు. జబ్బ చుట్టుకొలత ఎన్ని అంగుళాలో ఎవరూ కొలవరు. వరుసగా నిలబడిన శరీరాలను చూసి ఏది మొదటిది, ఏది రెండోది అని న్యాయనిర్ణేతలు రాసిచ్చిన అంకెలే ఫలితం. మన పల్లెల్లో ఒంగోలు జాతి ఎడ్లకు రెండు రకాల పోటీలు జరుగుతాయి. బండలాగుడులో ఎంత దూరం లాగాయో కొలిచి బహుమతి ఇస్తారు. పశు ప్రదర్శనలో మూపురం, గంగడోలు, ఒడ్డూ పొడుగూ, నడక చూసి ఇస్తారు. దేహదారుఢ్యం ఈ రెండో రకం పోటీ. అందుకే దాని మీద మొదటి నుంచీ ఒకే ఫిర్యాదు వినిపిస్తోంది: కంటితో చెప్పే తీర్పులో న్యాయం ఎక్కడిది? నూట ఇరవై ఏళ్లకు పైబడిన ఈ పోటీల నియమాల చరిత్ర చూస్తే జవాబు దొరుకుతుంది. ‘సౌష్ఠవం’, ‘కండపుష్టి’ వంటి మాటలకు నిర్వచనాలు పెంచుకుంటూ పోవడం వల్ల ఇక్కడ న్యాయం పెరగలేదు. ఒక శరీరాన్ని మరో శరీరంతో పోల్చే పద్ధతిని కట్టుదిట్టం చేయడం వల్ల పెరిగింది. అయితే ఎంత మంచి పోలికైనా చేయలేని పని ఒకటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆదర్శ శరీరం ఏ వైపుకు జారిపోతోందో అది చెప్పలేదు, ఆపలేదు. ఆ పని తూకం, ఎత్తు, మందుల పరీక్ష వంటి కొలవగల హద్దులకే సాధ్యం.

శరీరాన్ని బలప్రదర్శన నుంచి విడదీసి చూడటం పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైంది. అంతవరకు సర్కసుల్లో, నాటకశాలల్లో వస్తాదులు బలం చూపించి పేరు తెచ్చుకునేవారు. ఆ తర్వాతి కాలంలోనూ, వీరఘట్టంలో పుట్టిన వస్తాదు కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచితే తీర్పు చెప్పడానికి మరొకరు అక్కర్లేదు. గొలుసు తెగిందని చివరి వరుసలో కూర్చున్నవారికీ తెలుస్తుంది. ప్రష్యాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన యూజెన్ శాండో కూడా అలాంటి బలప్రదర్శనలతోనే మొదలై, క్రమంగా తన దేహాన్నే ప్రదర్శనగా మార్చుకున్నాడు. 1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆయన నిర్వహించిన ‘గ్రేట్ కాంపిటీషన్’ ఆధునిక దేహదారుఢ్య పోటీలకు మొదటిదిగా పేరు పొందింది. తీర్పు ఇచ్చినవారు ముగ్గురు: శిల్పి చార్లెస్ లాస్, షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్, శాండో. మొత్తం శరీర వికాసం, భాగాల మధ్య సమతూకం, కండరాల బిగువు, ఆరోగ్యం, చర్మం స్థితి అనే ఐదు అంశాలు చూశారు. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రే గెలిచాడు. ఈ ఐదింటిలో పెద్ద కండలకు ప్రత్యేకంగా చోటు లేకపోవడం గమనించదగ్గది. తీర్పు చెప్పే బల్ల దగ్గర శిల్పిని కూర్చోబెట్టారంటే అప్పటి ఆదర్శం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది: గ్రీకు విగ్రహాల నుంచి. ఆరోగ్యం మాత్రం వేదిక మీద నేరుగా కనిపించేది కాదు. కనిపించనిదాన్ని తీర్పులో చేర్చే అలవాటు ఆ రోజే మొదలైంది, తర్వాత చాలా కాలం సాగింది.

అమెరికాలో అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ నడిపిన ‘మిస్టర్ అమెరికా’ పోటీ ఆ అలవాటుకు పెద్ద ఉదాహరణ. 1940లో, 1941లో జాన్ గ్రిమెక్ వరుసగా గెలిచాక, ఒకరికి ఒక్కసారే ఈ బిరుదు అన్న నియమం పెట్టారు. లేకపోతే ఆయనను ఓడించడం ఎవరికీ సాధ్యమయ్యేలా లేదు. ఇక తీర్పు విషయానికొస్తే, కండలు, సౌష్ఠవం, ప్రదర్శనలతో పాటు పోటీదారుకు ఇతర క్రీడల్లో ఉన్న ప్రావీణ్యాన్ని, మొత్తం వ్యక్తిత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకునేవారు. ఉద్దేశం మంచిదే. కండలు పెంచడమే జీవితంగా మారిన మనిషికి కాకుండా నిండైన క్రీడాకారుడికి బిరుదు దక్కాలని వారు కోరుకున్నారు. ఆచరణలో మాత్రం వేదిక మీద కనిపించని అంశాలు పక్షపాతానికి దారి తెరిచాయి. 1966లో క్యూబా నుంచి వచ్చిన నల్లజాతి పోటీదారు సెర్జియో ఒలీవా అత్యుత్తమ కండరాలకిచ్చే బహుమతి గెలిచీ ప్రధాన బిరుదులో రెండో స్థానంతో ఆగిపోయాడు. ఒక నల్లజాతి అమెరికన్ ఆ బిరుదు అందుకోవడానికి 1970 దాకా, క్రిస్ డికర్సన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఒలీవా వేరే సమాఖ్యకు వెళ్లి 1967 నుంచి 1969 వరకు వరుసగా మూడుసార్లు వృత్తిపరుల అత్యున్నత బిరుదైన మిస్టర్ ఒలింపియా గెలిచాడు. ఒకే శరీరం, రెండు నియమావళులు, రెండు ఫలితాలు. వ్యక్తిత్వానికి, నడవడికి మార్కులు వేసే పద్ధతిలో తీర్పు చెప్పేవాడి ఇష్టాయిష్టాలు దాక్కోవడానికి ఎంత చోటు ఉంటుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

బ్రిటన్ మరో దారి చూపింది. 1948లో లండన్‌లో మొదలై తర్వాత నాబా సంస్థ చేతికి వచ్చిన ‘మిస్టర్ యూనివర్స్’ పోటీలో ఎత్తును బట్టి విభాగాలు పెట్టారు. మన దేశానికి చెందిన మనోతోష్ రాయ్ 1951లో, మనోహర్ ఐచ్ 1952లో తమ విభాగాల్లో గెలిచారు. మనోహర్ ఐచ్ ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. ఆరడుగుల మనిషి పక్కన నిలబెట్టి చూస్తే ఆయన నిర్మాణంలోని గొప్పతనం ఎవరి కంటికీ ఆనదు. తన ఎత్తువారి మధ్య నిలబెడితే ఆనింది. న్యాయనిర్ణేతల అభిరుచి మారలేదు, ప్రమాణాల మాటలూ మారలేదు. ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలి అన్నదే మారింది. ఈ చిన్న మార్పు ఎంత దూరం వెళ్లగలదో అప్పటికి ఎవరూ పూర్తిగా ఊహించినట్టు లేదు.

ఇప్పుడు ప్రపంచమంతా అనుసరించే నియమాల మూలం అంతర్జాతీయ దేహదారుఢ్య సమాఖ్య, అంటే ఐఎఫ్‌బీబీ. దీన్ని 1946లో మాంట్రియల్‌లో బెన్ వీడర్, జో వీడర్ అన్న అన్నదమ్ములు స్థాపించారు. వెయిట్‌లిఫ్టింగ్ పాలనలో ఆరితేరిన బ్రిటిష్ అధికారి ఆస్కార్ స్టేట్ దీని రాజ్యాంగానికి, తీర్పు నియమాలకు రూపమిచ్చాడు. మొదట్లో మార్కుల పద్ధతి ఉండేది. ప్రతి న్యాయనిర్ణేత ఒక్కో రౌండుకు 20 దాకా మార్కులు వేసేవాడు. అన్నీ కలిపితే గరిష్ఠం 300. 1978లో అకాపుల్కోలో ఈ సమాఖ్య విడిగా నడిపిన మిస్టర్ యూనివర్స్ పోటీలో మైక్ మెంట్‌జర్‌కు పూర్తి 300 వచ్చాయి. వినడానికి ఘనంగా ఉన్నా ఈ అంకె ఒక చిక్కును బయటపెట్టింది. 300కు 300 అంటే అంతకు మించిన శరీరం ఉండదని అర్థం రావాలి. నిజానికి దాని అర్థం ఆ రోజు ఆ వేదిక మీద అంతకంటే మేలైనవాడు లేడని మాత్రమే. న్యాయనిర్ణేత మనసులో ఉన్నది పోలిక. కాగితం మీద పడింది కొలతలా కనిపించే అంకె. పైగా మార్కుల పద్ధతిలో ఉదారంగా, విపరీతంగా వేసేవాడి బలం పెరుగుతుంది. ఒకరు 20కీ 19కీ మధ్య తేడా చూపిస్తే, ఇంకొకరు 20కీ 12కీ మధ్య చూపించి ఫలితాన్ని ఒంటిచేత్తో తిప్పేయగలరు. తర్వాత వచ్చిన స్థానాల పద్ధతి ఈ దొంగదారిని మూసేసింది. మొదటివాడికి 1, రెండోవాడికి 2, అలా అందరికీ స్థానాలు రాయాలి. మొత్తం తక్కువ వచ్చినవాడే విజేత. ఎవరి మాటకూ మరొకరి మాటకంటే ఎక్కువ బరువు ఉండదు.

పోటీ నడిచే తీరు కూడా పోలికకు అనువుగానే తయారైంది. ముందురోజు తూకం జరుగుతుంది. ఐఎఫ్‌బీబీ సీనియర్ విభాగాలు 65 కిలోల నుంచి మెట్లు మెట్లుగా 100 కిలోలు దాటినవారి దాకా ఉంటాయి. విభాగానికి మించిన బరువు తూగినవాడికి తగ్గించుకోవడానికి కొద్ది వ్యవధి ఇస్తారు. కుదరకపోతే పై విభాగానికి పోవాలి. వేదిక మీద వేసుకునే చెడ్డీ ఒకే రంగుది, లోపలిది కనిపించనిది అయి ఉండాలి. పిరుదుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు కప్పాలి. చెప్పులు, నగలు నిషేధం. పెళ్లి ఉంగరానికి మినహాయింపు ఉంది. తుడిస్తే ఊడివచ్చే రంగు పూసుకోకూడదు. అతిగా నూనె పూసుకున్నవాడిని తుడుచుకుని రమ్మంటారు. నూనె సూదులతోనో, కృత్రిమ అమరికలతోనో కండ ఆకారం మార్చుకున్నట్టు తేలితే పోటీ నుంచి తప్పిస్తారు. ఈ చివరి నియమం మిగతావాటికంటే ముఖ్యమైనది. సింథాల్ వంటి నూనె ఎక్కించి ఉబ్బించిన జబ్బ దూరం నుంచి మోసం చేయవచ్చు. పోజులో బిగించినప్పుడు మాత్రం అసలు కండలో కనిపించే గీతలు, విభజనలు అందులో కనిపించవు. అనుభవమున్న కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

పోటీదారులు 15 మందికి మించితే వడపోత రౌండు పెడతారు. మిగిలినవారు ముందుగా చేతులు పక్కలకు వదిలి నిలబడి, నాలుగు వైపులకూ తిరుగుతారు. చూసేవారికి అది విశ్రాంతిగా నిలబడటంలా అనిపిస్తుంది. అసలు ఒంట్లో బిగించని కండ ఒక్కటీ ఉండదు. నడుము సన్నదనం, భుజాల వెడల్పు, కాళ్లకూ పైభాగానికీ మధ్య పొంతన ఇక్కడే తేలుతాయి, ఎందుకంటే మంచి పోజుతో లోపాన్ని దాచుకునే వీలు అప్పుడు ఉండదు. తర్వాత తప్పనిసరి పోజులు. ఔత్సాహికులకు ఇవి ఏడు: ముందు నుంచి డబుల్ బైసెప్స్, ముందు నుంచి లాట్ స్ప్రెడ్, పక్క నుంచి ఛాతీ, వెనుక నుంచి డబుల్ బైసెప్స్, వెనుక నుంచి లాట్ స్ప్రెడ్, పక్క నుంచి ట్రైసెప్స్, చివరగా పొట్ట, తొడలు. వృత్తిపరుల పోటీలో అన్ని కండలూ ఒక్కసారి ముందుకు ఉబికేలా బిగించే ‘మోస్ట్ మస్క్యులర్’ పోజును కూడా అడుగుతారు. ప్రతి పోజులో కన్ను ఏ క్రమంలో సాగాలో నియమావళి చెబుతుంది. డబుల్ బైసెప్స్ అయితే ముందు ఆ కండ నిండుదనం, శిఖరంలా లేచిన తీరు, రెండు తలల మధ్య చీలిక చూడాలి. ఆ తర్వాత తల నుంచి పాదాల దాకా మొత్తం శరీరాన్ని చూసుకుంటూ రావాలి. జబ్బలు గొప్పగా ఉండి పిక్కలు పీలగా ఉన్నవాడు ఈ రెండో చూపులో దొరికిపోతాడు.

ఏడింటిలో వెనుక నుంచి డబుల్ బైసెప్స్‌ది ప్రత్యేక స్థానం. మెడ, భుజాల వెనుక భాగం, జబ్బలు, వీపు పైభాగం, రెక్కల్లా విచ్చుకునే లాట్స్, వెన్ను పక్కన నిలువుగా దిగే కండలు, పిరుదులు, తొడల వెనుక భాగం, కాలివేళ్ల మీద నిలబెట్టిన వెనుక కాలి పిక్క. మరే పోజులోనూ ఇన్ని కండలు ఒకేసారి కనిపించవు. సాంద్రత, గీతల స్పష్టత, సమతూకం నిర్ణయించడానికి ఇదే ఎక్కువ పనికొస్తుందని ఐఎఫ్‌బీబీ నియమావళే చెబుతుంది. వెనుక భాగం అద్దంలో సులువుగా కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని చాలాకాలం నిర్లక్ష్యం చేశారు. ముందు నుంచి సమానంగా నిలిచిన ఇద్దరు వెనక్కి తిరిగితే ఒకరు ముందుకు దూసుకుపోవడం ఈ పోటీల్లో తరచూ చూసేదే. ఈ ఏడు పోజుల్లోని గొప్ప సుగుణం అవి పోటీదారు ఇష్టానికి వదిలినవి కాకపోవడం. తన బలాన్నే చూపి బలహీనతను మరుగుపరిచే అవకాశం ఆయనకు లేదు. పక్కవాడు అదే క్షణంలో, అదే దీపాల కింద, అదే భంగిమలో ఉంటాడు. ప్రధాన న్యాయనిర్ణేత ముగ్గురికి తగ్గకుండా గుంపులుగా ముందుకు పిలిచి, స్థానాలు మార్పించి, మళ్లీ మళ్లీ పోల్చి చూస్తారు. పాటకు అనుగుణంగా 60 సెకన్లు చేసే స్వేచ్ఛా ప్రదర్శన అందంగా ఉంటుంది, ప్రేక్షకులను కట్టిపడేస్తుంది. అయినా పోటీ తేలేది ఎక్కువగా ఈ ఏడు పోజుల్లోనే. అది సబబు కూడా.

న్యాయనిర్ణేతల ప్రవర్తనకూ హద్దులున్నాయి. తీర్పు సమయంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు, పక్కవారిని ప్రభావితం చేయకూడదు, ఫొటోలు తీయకూడదు, మద్యం ముట్టకూడదు. ఇవన్నీ పాటించినా పక్షపాతం పూర్తిగా పోతుందని నియమావళి నమ్మలేదు. అందుకే లెక్కలోనే ఒక జాగ్రత్త పెట్టింది. తొమ్మిదిమంది తీర్పు చెప్పినప్పుడు ఒక్కో పోటీదారుకు వచ్చిన స్థానాల్లో పై రెండు, కింది రెండు తీసేసి మధ్యలోని ఐదింటినే కూడతారు. ఒకరికి 1, 1, 2, 2, 2, 3, 3, 4, 6 వచ్చాయనుకుందాం. రెండు ఒకట్లు, నాలుగు, ఆరు పోగా మిగిలిన 2, 2, 2, 3, 3 కూడితే 12. ఆరు రాసినవాడు కక్షతో 15 రాసినా మొత్తం 12గానే ఉంటుంది. అభిమానంతో ఒకటి రాసినవాడి పరిస్థితీ అంతే. ఇద్దరు కుమ్మక్కైనా ప్రయోజనం ఉండదు. ముగ్గురు కూడబలుక్కుంటే మూడోవాడి అంకె లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఇది తిరుగులేని కవచమని చెప్పలేం. అయినా ఒంటరి పక్షపాతానికి ఇంత చవకైన మందు మరొకటి లేదు. సమానంగా వస్తే న్యాయనిర్ణేతల స్థానాలను ఒక్కొక్కటిగా పక్కపక్కన పెట్టి, ఎక్కువమంది ఎవరిని ముందుంచారో చూసి తేలుస్తారు.

స్థానాల పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఆకాశమంత తేడా ఉన్నా కాగితం మీద 1, 2 అనే పడుతుంది. ఈ నష్టం నిజమే. అయితే ‘ఎంత మేలు’ అని చెప్పమంటే న్యాయనిర్ణేత తన దగ్గర లేని కొలబద్దను ఉన్నట్టు నటించాలి. ‘ఎవరు మేలు’ అని అడిగితే కళ్ల ముందు ఉన్నదే చెబుతాడు. మనిషి కన్ను రెండింటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు చాలా నమ్మకమైన సాధనం. ఒక్కదాన్నే చూసి అంకె చెప్పమన్నప్పుడు అంత నమ్మదగినది కాదు. అయితే కొలిచే యంత్రాలే పెట్టవచ్చు కదా అని మరికొందరు అంటారు. కొవ్వు శాతాన్ని, కండ బరువును స్కానింగుతో తేల్చే పరికరాలు ఇప్పుడు ఆసుపత్రుల్లోనే దొరుకుతున్నాయి. కానీ కొవ్వు తక్కువ, కండ ఎక్కువ అన్నది దేహదారుఢ్యంలో సగం మాత్రమే. ఆ కండ ఎక్కడుంది, ఎముకల చట్రం మీద ఎలా అమరింది, ఒక కండ మరోదానితో కలిసే చోట గీత ఎలా సాగింది అన్నవి కలిస్తేనే రూపం. రూపాన్ని తీర్పు చెప్పే పోటీలో కంటిని పక్కనపెడితే మిగిలేది మరో పోటీ అవుతుంది.

ఇక్కడే కంటి అసలు బలహీనత బయటపడుతుంది. ఈ రోజు వేదిక మీద ఎవరు మేలో అది చెప్పగలదు. పోయిన ఏడాది మేలైనవాడి కంటే ఈ ఏటివాడు ఆదర్శానికి దగ్గరగా ఉన్నాడా దూరంగా ఉన్నాడా అన్నది చెప్పలేదు. 1977 నుంచి మూడేళ్లు మిస్టర్ ఒలింపియాగా నిలిచిన ఫ్రాంక్ జేన్ వేదిక మీద సుమారు 84 కిలోలు ఉండేవాడు. 1998 నుంచి ఎనిమిదిసార్లు గెలిచిన రోనీ కోల్‌మన్ 2003లో 130 కిలోలతో నిలబడ్డాడు. పాతికేళ్లలో 46 కిలోలు! ఈ మధ్యలో ‘సౌష్ఠవం, సమతూకం, స్పష్టత’ అన్న మాటలేవీ నియమాల నుంచి తొలగిపోలేదు. 1992 నుంచి ఆరుసార్లు గెలిచిన డోరియన్ యేట్స్ మందమైన వీపుతో, ఎండిపోయినట్టున్న కండలతో అందరినీ నివ్వెరపరిచాక, ఆయన పక్కన నిలబడాలనుకున్న ప్రతివాడూ అలా తయారు కావాల్సి వచ్చింది. సమానమైన సౌష్ఠవం ఉన్న ఇద్దరు పక్కపక్కన నిలబడితే కన్ను పెద్దవాడి వైపు మొగ్గుతుంది. ఆ చిన్న మొగ్గు ఒక్క పోటీలో తప్పుగా అనిపించదు. ఏటా పునరావృతమైతే మొత్తం క్రీడను లాక్కుపోతుంది. కొందరి పొట్టలు వేదిక మీద ఉబ్బెత్తుగా కనిపించడం మొదలయ్యాక, 2015లో ఒకప్పటి ఒలింపియా విజేత ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గరే బాహాటంగా విమర్శించాడు: సీసా ఆకారం శరీరాలకు బహుమతులిస్తున్నారని, అందమైన శరీరానికి తిరిగి పట్టం కట్టాలని. ఆయన ఆవేదన నిజమైనది. కానీ న్యాయనిర్ణేతలకు హితవు చెప్పడం వల్ల ఈ జారుడు ఆగుతుందనుకోవడం అత్యాశ. హితవు నియమావళిలో మొదటి నుంచీ ఉంది.

ఆపగలిగింది హద్దులే అని ఒలింపియా చరిత్రే చూపిస్తుంది. 1974 నుంచి 1979 వరకు 200 పౌండ్లకు పైన, కింద అని రెండు విభాగాలు పెట్టి, ఆ ఇద్దరు విజేతల్లో ఒకరికి బిరుదు ఇచ్చేవారు. 1976లో పొట్టివాడైన ఫ్రాంకో కొలంబు, తర్వాత మూడేళ్లు జేన్ గెలిచింది ఆ ఏర్పాటులోనే. 1980లో సిడ్నీలో ఆ విభజన తీసేశారు. ఆ ఏడాది ష్వార్జ్‌నెగ్గర్ తిరిగి వచ్చి గెలవడం మీద చెలరేగిన వివాదం ఇప్పటికీ చల్లారలేదు. ఐదో స్థానం వచ్చిన మెంట్‌జర్ మళ్లీ పోటీ చేయలేదు. ఆ తర్వాత ఏళ్లలో బరువు పెరుగుతూ పోయింది. 2008లో 202 పౌండ్ల లోపువారికి విడిగా పోటీ పెట్టి, 2012లో ఆ హద్దును 212 పౌండ్లకు, అంటే దాదాపు 96 కిలోలకు పెంచారు. ఐఎఫ్‌బీబీ 2005లోనే మరింత ఆలోచించి ‘క్లాసిక్ బాడీబిల్డింగ్’ తెచ్చింది. దాని సూత్రం చాలా సరళం. సెంటీమీటర్లలో ఎత్తు నుంచి 100 తీసేస్తే వచ్చే అంకె కిలోల్లో బరువుకు పునాది. ఎత్తు విభాగం పెరిగేకొద్దీ పైన కొన్ని కిలోలు కలుపుతారు. ఆరంభ నియమాల ప్రకారం 168 సెంటీమీటర్ల మనిషి 68 కిలోలు దాటకూడదు. అమెరికా వృత్తిపరుల్లో 2016 నుంచి ఒలింపియా వేదికకెక్కిన ‘క్లాసిక్ ఫిజిక్’ కూడా ఎత్తుకు తగ్గ బరువు పరిమితి మీదే నిలిచింది. అందులో ‘మోస్ట్ మస్క్యులర్’ పోజుకు చోటు లేదు. 2019 నుంచి 2024 వరకు ఆరుసార్లు గెలిచిన కెనడావాసి క్రిస్ బమ్‌స్టెడ్ పేరు ఇప్పుడు జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లలో బరువు పరిమితి లేని ఓపెన్ విభాగం విజేతల పేర్లకంటే ఎక్కువగా వినిపిస్తుంది. సన్నని నడుమును న్యాయనిర్ణేతలు కొత్తగా ప్రేమించడం మొదలుపెట్టలేదు. లావును గుమ్మం దగ్గరే ఆపేయడంతో నడుము మళ్లీ కనిపించింది.

ఇందుకు పూర్తి విరుద్ధమైన ప్రయోగం ‘మెన్స్ ఫిజిక్’. మోకాళ్ల దాకా వచ్చే బోర్డ్ షార్ట్స్ వేసుకుని, కండలు బిగించే పోజులు లేకుండా జరిగే ఈ పోటీ 2013లో ఒలింపియాలో చేరింది. అతి కండపుష్టికి మార్కులు తగ్గించాలని దాని నియమాల్లోనే రాసి ఉంది. బరువు పరిమితి మాత్రం పెట్టలేదు. ఫలితం ఊహించదగ్గదే: ఏళ్లు గడిచేకొద్దీ అక్కడా విజేతల భుజాలు, వీపులు పెరుగుతూనే వచ్చాయి. రాతలో ఉన్న మాటకూ త్రాసు మీది ముల్లుకూ ఉన్న తేడా ఈ రెండు విభాగాలను పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

బరువు హద్దుల మీద వైద్యులు లేవనెత్తే అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయలేం. హద్దు పెడితే తూకానికి ముందు ఒంట్లో నీరు పిండేసుకుంటారు, అది ప్రాణాంతకం అని వారంటారు. నిజమే, ఈ క్రీడ ఆ మూల్యం చెల్లించింది. 1992లో హాలండ్‌లో పోటీ ముగిసిన కొద్ది గంటల్లో మహమ్మద్ బెనజీజా మరణించాడు. 1996లో ఆస్ట్రియా బాడీబిల్డర్ ఆండ్రియాస్ మున్‌జర్ 31 ఏళ్ల వయసులో పోయాడు. అయితే ఈ ఇద్దరూ తలపడింది బరువు పరిమితి లేని పోటీల్లో. నీరు పిండేసుకోవడానికి కారణం తూకం కాదు, చర్మం కింద ప్రతి నారా కనిపించేలా ‘డ్రై’గా రావాలన్న తీర్పు ప్రమాణం. ఆ ప్రమాణానికి విరుగుడు కూడా పరీక్షే. 1996 మిస్టర్ ఒలింపియాలో మూడో స్థానం వచ్చిన నాసర్ ఎల్ సోన్‌బాటీ మూత్రం ద్వారా నీటిని బయటకు పంపే మందులు వాడినట్టు పరీక్షలో తేలి ఆ స్థానం కోల్పోయాడు. 1990లో స్టెరాయిడ్లకు పరీక్షలు పెట్టినప్పుడు ఆ ఏటి ఆర్నాల్డ్ క్లాసిక్ విజేత షాన్ రే బిరుదు పోగొట్టుకున్నాడు. అదే ఏడాది ఒలింపియాలో కూడా పరీక్షలు జరిగాయి, లీ హేనీ గెలిచాడు. తర్వాత వృత్తిపర పోటీల్లో ఆ పట్టు కొనసాగలేదు. ‘నేచురల్’ సమాఖ్యలు మూత్ర పరీక్షతో పాటు అబద్ధాలు పట్టే యంత్రం మీద కూడా కూర్చోబెడతాయి. పరీక్షలన్నిటినీ తప్పించుకునేవారు ఉంటారన్నది వాస్తవమే. దొంగలున్నారని తాళం మానేయమని ఎవరూ అనరు. ఈ క్రీడ మాత్రం చాలాకాలం అదే వాదన వినిపించింది, యువకుల ప్రాణాలతో దానికి ధర చెల్లించింది.

పాలన విషయానికొస్తే పరిస్థితి చిందరవందరగా ఉంది. ఐఎఫ్‌బీబీకి 1998లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తాత్కాలిక గుర్తింపు ఇచ్చింది, అది నిలవలేదు. ఆసియా క్రీడల్లో 2002 బుసాన్‌లో, 2006 దోహాలో పతకాలిచ్చారు, 2010 గ్వాంగ్‌జౌ నుంచి తీసేశారు. 2017లో వృత్తిపరుల లీగు మాతృసంస్థ నుంచి విడిపోయింది. దాంతో ఒకే పేరుతో రెండు సంస్థలు, రెండు నియమావళులు నడుస్తున్నాయి. మన దేశంలోనూ ఒకటికి మించిన సమాఖ్యలు ‘మిస్టర్ ఇండియా’ తరహా బిరుదులిస్తున్నాయి. ఏ పోటీలో ఏ నియమాలు, మందుల పరీక్ష ఉందా లేదా అన్నది తెలుసుకోకుండా బిరుదు విలువ కట్టడం కుదరదు. మన జాతీయ పోటీల్లో కనిపించే ఒక మంచి ఏర్పాటు 55, 60 కిలోల విభాగాలు. అంతర్జాతీయ సీనియర్ పోటీ 65 దగ్గర మొదలవుతుంటే ఇక్కడ అంతకు పది కిలోల కిందినుంచే మెట్లు ఉన్నాయి. 1988లో పంజాబ్‌కు చెందిన ప్రేమ్‌చంద్ డేగ్రా ప్రపంచ ఔత్సాహిక పోటీల్లో మిడిల్‌వెయిట్ బిరుదు గెలిచింది కూడా బరువు విభాగంలోనే. ఓపెన్ వేదిక మీద నూరు కిలోలవారి పక్కన ఆయనకు ఆ అవకాశం ఉండేది కాదు. జిల్లా స్థాయిలో జరిగే పోటీల్లో ఈ చిన్న విభాగాలే ఎక్కువమంది కుర్రాళ్లను వేదికకు తెస్తాయి. తొమ్మిదిమంది న్యాయనిర్ణేతలు దొరకని చోట ఏడుగురో అంతకు తక్కువమందో ఉంటే, పై ఒక్కటి, కింది ఒక్కటి తీసేసి కూడాలని నియమం చెబుతుంది. జిల్లా పోటీ నిర్వాహకులు ఆ తీసివేత చేసి, ఎవరు ఎవరికి ఏ స్థానం ఇచ్చారో చూపే స్కోరుషీటును పోటీ ముగియగానే గోడ మీద అంటిస్తే, ఓడిన కుర్రాడు తన వెనుక భాగం ఎక్కడ వెనకబడిందో ఎవరిని అడగాలో తెలుసుకుంటాడు.